తవిటమ్మ తిట్ల దారి

అనగా అనగా, మన ముత్తవ్వకి ముత్తవ్వ ఇంకా పాలపళ్ళు ఊడని గుంటపిల్లగా ఉన్న రోజుల్లో, కొంగల మడుగు అని ఒక మడుగు ఉండేది. మడుగంటే మోకాలి లోతు గుంట అనుకునేరు. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనిపించేది కాదు. ఈ ఒడ్డున పల్లె. ఆ ఒడ్డున మనిషెత్తు జమ్ముగడ్డి. జమ్ము వెనక ఊబి. ఊబి వెనక ఏముందో ఎవరికీ తెలియదు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చెప్పడానికి తిరిగి రాలేదు.

ఆ పల్లెలో తవిటమ్మ అని ఒకావిడ ఉండేది. పుట్టిన పిల్లలు నిలవడం లేదని వాళ్ళమ్మ ఆవిడని పురిట్లోనే చేటెడు తవుడికి పొరుగామెకి అమ్మేసినట్టు చేసి, మళ్ళీ తెచ్చుకుంది. అందుకని తవిటమ్మ. ఆవిడకి పొలం లేదు, పుట్ర లేదు, ఒంటి మీద వీసమెత్తు బంగారం లేదు. ఉన్నదల్లా ఒక గొంతు. ఆ గొంతు విప్పిందంటే మడుగు మీద కొంగలు ఒంటికాలు మార్చేవి.

ఆ గొంతుకి ఎప్పుడూ పనే. ఎందుకంటే ఆ పల్లె మగవాళ్ళంత మతిమరుపు మనుషులు ఇంకెక్కడా పుట్టి ఉండరు. ఇవాళ చెప్పింది రేపటికి ఉండదు. పొద్దున్న చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. తవిటమ్మ చెప్పి చెప్పి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం వైపు చూసి, "ఏం చెప్పను, ఎవరితో చెప్పను!" అనేది. అని మళ్ళీ చెప్పేది.

ఆవిడ మొగుడు పైడయ్య. అతనికి మతిమరుపు లేదు. అతనిది వేరే జబ్బు. మాట్లాడడు. ఉలకడు, పలకడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే లేచి వెళ్ళిపోతాడు. "కూర ఎలా ఉంది?" అంటే కూర వైపు చూస్తాడు. "ఎక్కడికి వెళ్తున్నావు?" అంటే వెళ్తున్న వైపు చూస్తాడు. పెళ్ళయిన కొత్తలో తవిటమ్మ, సిగ్గు కాబోలు అనుకుంది. పిల్లలు పుట్టాక, అలసట కాబోలు అనుకుంది. పిల్లలకి పెళ్ళిళ్ళయ్యాక అనుకోవడం మానేసింది. తిట్టడం మాత్రం మానలేదు.

ఇంతకీ చలికాలం సంగతి చెప్పాలి.

చలికాలం వచ్చిందంటే ఆ మడుగులో వలలు పనికిరావు. నాచూ తామర కాడలూ అల్లుకుపోయి వల చిరిగిపోతుంది. అందుకని వలలు చూరుకి వేలాడదీసి గాలాలు తీసేవారు. వెదురు కర్ర, పేనిన దారం, ఇనప కొక్కెం, కొక్కేనికి బతికున్న కప్ప. వాలుగలు పడేవి, జెల్లలు పడేవి. కానీ అందరి కన్నూ కొర్రమీను మీదే. ఆ చేప పట్టు వేరు. దారం లాగిందంటే దోనె తిరిగిపోవాలి.

చలికి కొర్రమీను బద్ధకిస్తుంది. తామరాకుల కింద కదలకుండా పడి ఉంటుంది. ఎర వెతుక్కుంటూ రాదు. ముక్కు ముందు పెడితే తింటుంది, అదైనా బుద్ధి పుడితే. అయితే ఎంత బద్ధకం ఉన్నా అది పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి తీరాలి. అప్పుడు 'గుబుక్' మని చప్పుడవుతుంది. ఆ చప్పుడు ఎక్కడైందో అక్కడ మెల్లగా కప్పని దింపాలి. అంతే విద్య. మిగతాదంతా చలిలో వణకడమే.

ఆ గుబుక్కు వినపడాలంటే మడుగు మీద మరో చప్పుడు ఉండకూడదు. అందుకని పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. చలికాలం దోనెలు నీళ్ళ మీద ఉండగా ఒడ్డున ఎవరూ నోరు విప్పకూడదు. ఉయ్యాల్లో పిల్ల ఏడిస్తే ఎత్తుకుని పొలాలవైపు పరిగెత్తాలి.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. మడుగు మీద మంచు కమ్మినప్పుడు ఎవరైనా పిలిస్తే పలకకూడదు, పిలుపు వైపు పోకూడదు. ఎందుకంటే జమ్ములో జమ్ముదెయ్యం ఉంది. మంచులో అది మనిషి గొంతుతో పిలుస్తుంది. పిలుపు పట్టుకుని పోయినవాడు నేరుగా ఊబిలో దిగుతాడు. కాబట్టి మంచులో పిలుపు వినపడితే దోనె ముక్కు వెనక్కి తిప్పి, పిలుపుకి దూరంగా పోయేలా, దోనె తోసే గెడ వెయ్యాలి. తాతలు చెప్పారు. అన్నీ మర్చిపోయే మగవాళ్ళు ఇదొక్కటి మాత్రం మర్చిపోలేదు.

సరే. ఒక చలికాలం, దోనెలు కదిలే వేళకి సన్యాసి అనే కుర్రవాడు దోనెలో నీళ్ళు తోడే కొబ్బరిచిప్ప మర్చిపోయాడు. తవిటమ్మ ఒడ్డున పెద్దరాయి మీదికెక్కింది.

"ఒరే జోగులూ! చిప్ప మర్చిపోయావురా! దోనె కారుతోంది కదరా!"

"నేను జోగులు కాదు అత్తా, సన్యాసిని!"

"ఎవడివైతే ఏంట్రా! కారేది దోనె!"

అంటే, ఆ మధ్య ఆవిడకి పేర్లు జారిపోతున్నాయి. నాలుక చివరిదాకా వచ్చి, పక్కవాడి పేరై బయటికొచ్చేవి. అవతలివాళ్ళు నవ్వేవారు. తవిటమ్మకి ఒళ్ళు మండేది. పడుకోబోయే ముందు పల్లెలో ఇంటింటికీ మనుషుల పేర్లు మనసులో చెప్పుకునేది. ఒక్కో ఇంటి ముందు ఆగిపోయేది. గడప కనిపించేది, గడప మీద కుక్క కనిపించేది, లోపలివాళ్ళ పేరు కనిపించేది కాదు. లేచి కూర్చుని, "ఏం చెప్పను, ఎవరితో చెప్పను!" అనుకునేది. పైడయ్య పక్కకి తిరిగి పడుకునేవాడు.

ఆ చిప్ప గోలకి పల్లెపెద్ద గవరయ్య వచ్చాడు. మోకాళ్ళ నొప్పులతో గాలం మానేసినా, పెద్దరికం మానని మనిషి.

"తవిటమ్మా, నీ గొంతుకి చేపలు బెదురుతున్నాయి."

"చిప్ప లేకపోతే దోనె మునగదా బావా?"

"మునిగితే సన్యాసి ఈదుకొస్తాడు. బెదిరిన చేప రాదు. ఇది మొదటిసారి కాబట్టి వదిలేస్తున్నా."

రెండోసారి జోగులు గాలం కర్రే మర్చిపోయాడు. కప్పల బుట్ట పెట్టుకుని, దోనె నడిమడుగుదాకా తోసుకుని వెళ్ళి, అక్కడ కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. కర్ర ఇంటి గోడకి ఆనించి ఉంది. తవిటమ్మ చూసింది. చూసి ఊరుకోగలదా? రాయి మీదికెక్కి అరిచింది. పక్క దోనెలో ఎవరికో పడబోయిన కొర్రమీను తప్పిపోయింది. గవరయ్య మళ్ళీ వచ్చాడు.

"తవిటమ్మా, ఇది రెండోసారి."

"కర్ర లేకుండా వాడేం పడతాడు బావా, నోటితో పడతాడా?"

"వాడు పట్టకపోతే వాడి ఇంటికే నష్టం. నువ్వు అరిస్తే ఊరంతటికీ."

మూడోసారి సొంత మొగుడే. గొంగడి లేకుండా, గంజి కుండ లేకుండా వెళ్ళిపోయాడు. మర్చిపోయి కాదు. ముందు రోజు తిట్టిందని ముట్టుకోలేదు. ఆ చలి ఎలాంటిది! నీళ్ళలోంచి పొగలు లేస్తున్నాయి. గెడ పట్టుకున్న చెయ్యి గెడకే అంటుకుపోతోంది. తవిటమ్మ గొంగడి భుజానేసుకుని రాయెక్కి, ఆ వంశాన్ని తాత దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మడుగు మీద ఒక్క గుబుక్కు లేదు ఆ రోజు. దోనెలన్నీ వట్టివే తిరిగొచ్చాయి.

గవరయ్య ఈసారి పదిమందిని వెంటపెట్టుకుని వచ్చాడు.

"ఇంకొక్కసారి నీ గొంతు మడుగు మీద వినపడిందా, నీ మొగుడి దోనె ఒడ్డున బోర్లించేస్తాం. చలికాలం అంతా అది అలాగే ఉంటుంది. ఏం తింటారో మీ ఇష్టం."

దోనె బోర్లిస్తే పొయ్యి బోర్లించినట్టే. ఆవిడ మొగుడి వైపు చూసింది. ఒక్క మాటైనా అంటాడేమోనని. పైడయ్య దోనె వైపు చూశాడు.

తవిటమ్మ తలూపింది. కానీ నోరు తన మాట వినదని ఆవిడకి తెలుసు. అందుకని మర్నాటి నుంచి దోనెలు కదిలే వేళకి అడ్డచుట్ట పెట్టుకోవడం మొదలుపెట్టింది. వెలిగించిన కొస నోట్లో పెట్టుకుంటే ఇంక పెదవి విప్పడానికి లేదు. సన్యాసి చిప్ప మర్చిపోయేవాడు. తవిటమ్మ గుప్పున పొగ వదిలేది. జోగులు తెడ్డు మర్చిపోయేవాడు. గుప్పున పొగ. ముక్కులోంచి, పెదవుల సందులోంచి పొగలే పొగలు. "అత్త కుంపటిలా ఉంది," అని కుర్రవాళ్ళు నవ్వేవారు. చేపలు బాగా పడ్డాయి. గవరయ్య సంతోషించాడు. పల్లె ప్రశాంతంగా ఉంది. తవిటమ్మ నాలుక మీద బొబ్బలు లేచాయి.

పుష్యమాసంలో ఒక రోజు మంచు దిగింది.

మంచంటే మామూలు మంచు కాదు. చెయ్యి చాపితే చెయ్యి కనిపించలేదు. పొద్దున్న కాస్త పలచగా ఉందని నాలుగు దోనెలు వెళ్ళాయి. సన్యాసి వెళ్ళాడు. జోగులు వెళ్ళాడు. గవరయ్య కొడుకు బూసయ్య వెళ్ళాడు. పైడయ్య వెళ్ళాడు. మిగిలినవాళ్ళు దుప్పట్లోంచి లేవలేదు, మంచి పని చేశారు. దోనెలు వెళ్ళాక వెనకాలే తలుపు వేసినట్టు మంచు మూసుకుంది.

పొద్దెక్కింది. మంచు తగ్గలేదు. ఇంకా పొద్దెక్కింది. మంచు ఇంకా చిక్కబడింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఒడ్డుకి చేరారు. ఎవరూ మాట్లాడటం లేదు, కట్టుబాటు కదా. అప్పుడు ఆ ఒడ్డున, జమ్ము వైపు, నీటికోళ్ళు ఒక్కసారిగా అరుస్తూ లేచాయి.

అంటే దోనెలు జమ్ముని తాకుతున్నాయి. జమ్ము దాటితే ఊబి.

బూసయ్య పెళ్ళాం కన్నమ్మ గుండెలు బాదుకుంది. గవరయ్యకి కట్టుబాటు గుర్తు రాలేదు, కొడుకు గుర్తొచ్చాడు.

"ఒరే బూసిగా! ఇటు రండ్రా! ఒడ్డు ఇటు!"

మంచులో గొంతు ఎటు వెళ్తుందో ఎవరికి తెలుసు! నీటి మీద గెడలు పడిన చప్పుడు వినపడింది. అది దగ్గరకి రాలేదు. దూరం వెళ్ళింది. నీటికోళ్ళు మళ్ళీ లేచాయి.

కన్నమ్మ ఇంటికి పరిగెత్తి కంచు పళ్ళెం తెచ్చి గరిటెతో ఠంగు ఠంగున కొట్టింది. గెడల చప్పుడు ఇంకా దూరం వెళ్ళింది.

అందరూ కలిసి కేకలేశారు. ఇంకా దూరం.

గవరయ్య నేల మీద కూలబడ్డాడు. "పిలిస్తే పారిపోతారు. జమ్ముదెయ్యం అనుకుంటున్నారు. మేమే నేర్పాం కదా, మేమే నేర్పాం!"

తవిటమ్మ అడ్డచుట్టతో రాయి పక్కన నిలబడి ఉంది. ఊపిరికి ఊపిరికీ పొగ వస్తోంది. ఎవరికి ఏం చెప్పాలి? ఈ మగవాళ్ళకి ఏం చెప్పినా ఉండదు, ఉండకూడనిది మాత్రం ఉంటుంది. చిప్ప మర్చిపోతారు, తెడ్డు మర్చిపోతారు, ఈ పనికిమాలిన దెయ్యాన్ని మాత్రం మర్చిపోరు! ఆవిడకి అరికాళ్ళ నుంచి మంట లేచింది. చుట్ట తుపుక్కున ఉమ్మేసి రాయెక్కింది.

"బావా, దోనె బోర్లిస్తావో, నన్నే బోర్లిస్తావో నీ ఇష్టం."

ముందు పేరు పెట్టి పిలవాలనుకుంది. నోరు తెరిచింది. పేరు రాలేదు. చిప్ప మర్చిపోయే వెధవ, వాడి పేరేమిటి? జోగులా? కాదు, జోగులు ఇంకొకడు. మొహం కనిపిస్తోంది, పళ్ళ మధ్య సందు కనిపిస్తోంది, పేరు మాత్రం మంచులో పడిపోయింది.

"పేరు పెట్టి పిలిచినా రారు తవిటమ్మా," అన్నాడు గవరయ్య ఏడుపు గొంతుతో. "పేర్లు దెయ్యానికీ తెలుసు."

పేరు రానందుకు ఒళ్ళు మండి, ఆ మంటలో తవిటమ్మ నోటికొచ్చింది అరిచింది.

"ఒరే! చేపలకని నా తట్ట పట్టుకెళ్ళి, అందులో నీ కోడిని పొదగేసినవాడా! పిల్లలు లేచి, పెట్టలై, అవీ పొదిగాయి! నా తట్ట ఏదిరా?"

మంచులో గెడల చప్పుడు ఆగింది.

"అడిగితే ఏమన్నావురా? 'కోడి లేవట్లేదు అత్తా' అన్నావు! ఏ కోడిరా ఏడాదిపాటు పొదుగుతుంది? రాతి గుడ్లు పెట్టిందిరా?"

మంచులోంచి బెరుకుగా ఒక గొంతు వచ్చింది. "అత్తా? నువ్వేనా?"

"కాదురా, జమ్ముదెయ్యాన్ని! దెయ్యానికి తట్టెందుకురా? రారా ఇటు, నీ కోడి మెడ విరిచేస్తాను!"

"వచ్చేస్తున్నా అత్తా! తిడుతూ ఉండు!"

తవిటమ్మ తిడుతూ ఉంది. తట్ట అల్లిన ఈతాకు ఎక్కడ కోసిందో, ఎన్ని ముళ్ళు గుచ్చుకున్నాయో అన్నీ చెప్పింది. తిట్టు తిట్టుకీ గెడ చప్పుడు దగ్గరైంది. మంచు చీల్చుకుని దోనె ముక్కు కనిపించింది. దోనెలో సగందాకా నీళ్ళు. చిప్ప లేక దోసిళ్ళతో తోడుకుంటూ వచ్చిన సన్యాసి దిగాడు.

అప్పటికి ఒడ్డు మీదవాళ్ళకి సంగతి అర్థమైంది. దెయ్యానికి గొంతు తెలుసు. దెయ్యానికి పేర్లు తెలుసు. దెయ్యానికి తట్ట సంగతి ఎలా తెలుస్తుంది?

"ఇంకొకడున్నాడే," అంది తవిటమ్మ. "వాడి పేరు... పోనీలే పేరు! ఒరే! బాలింత పెళ్ళానికి వండిన కొర్రమీను పులుసు నువ్వే తాగేసి పిల్లి తాగిందన్నవాడా! పిల్లి పులుసు తాగి మూత పెడుతుందేట్రా? మూత మీద రాయి కూడా పెడుతుందేట్రా?"

మంచులో గెడ దోనె అంచుకి తగిలి టక్కుమంది.

"అత్తా," అంది చివరికి జోగులు గొంతు, "మెల్లగా అనకూడదా? అది అక్కడే ఉందా?"

"ఇక్కడే ఉందిరా నీ పెళ్ళాం, పక్కదాని గరిటె లాక్కుని ఉంది! నువ్వు రాకపోతే నీళ్ళలోకి దిగేలా ఉంది!"

జోగులు వచ్చాడు. ఒడ్డు తగిలేదాకా తల ఎత్తలేదు.

మూడోవాడు గవరయ్య కొడుకు. తవిటమ్మ ఒక్క క్షణం గవరయ్య వైపు, ఒక్క క్షణం కన్నమ్మ వైపు చూసింది. కన్నమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "చెప్పేయ్ అత్తా, పరవాలేదు," అంది.

"ఒరే! ఊరిపెద్ద కొడుకునని మీసం దువ్వి, కప్పని చూస్తే జడిసిపోయేవాడా! రోజూ పెళ్ళాంచేత కొక్కేనికి ఎర గుచ్చించుకుని, అది కూడా కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళేవాడా!"

"అత్తా! మా నాన్న ఉన్నాడా అక్కడ?"

"ఉన్నాడు! విన్నాడు!"

"ఓరి దేవుడా!" అన్నాడు బూసయ్య. ఆ మాట ఎటు నుంచి వచ్చిందో ఒడ్డుమీద అందరికీ తెలిసింది, ఒడ్డు ఎటుందో అతనికీ తెలిసింది. దోనె వచ్చింది. గవరయ్య కొడుకుని కౌగిలించుకుని, వెంటనే నెత్తి మీద ఒకటి మొట్టాడు. "కప్పకి జడుస్తావురా!"

ముగ్గురూ వచ్చారు. నాలుగో దోనె రాలేదు.

"పైడయ్య మావ అందరికంటే ముందుకి వెళ్ళాడు," అన్నాడు సన్యాసి. "జమ్ము మొదట్లో పెద్ద గుబుక్కు వినపడింది. దాని వెనకే పోయాడు."

తవిటమ్మ మంచు వైపు తిరిగింది. మొగుడి పేరు ఆవిడ ఎన్నడూ పలకలేదు, ఆ రోజుల్లో ఏ ఆడదీ పలికేది కాదు. పలకని పేరు జారిపోతుందన్న భయం కూడా లేదు. కానీ ఏమని తిట్టాలి? తట్ట ఎత్తుకుపోలేదు. పులుసు తాగెయ్యలేదు. కప్పకి జడవలేదు. ఆ మనిషిలో తిట్టడానికి ఉన్నది ఒక్కటే.

"ఓయ్! ఎన్నేళ్ళయిందయ్యా నీ నోట మాట విని! నా పెళ్ళి గోడతో చేసినా గోడకి పగుళ్ళైనా వచ్చేవి! కూర ఎలా ఉందంటే కూర వైపు చూస్తావే, అది చెప్తుందా? పెద్దదానికి పురిటి నొప్పులొస్తే మంత్రసానిని పిలుచుకు రమ్మంటే, వెళ్ళి ఆవిడ గుమ్మంలో నిలబడ్డావు! నిలబడ్డావు! 'ఏం కావాల'ని ఆవిడ అడిగి అడిగి విసిగిపోయింది! నువ్వు తీసుకొచ్చేసరికి పిల్ల పుట్టి పాలు తాగుతోంది!"

జవాబు లేదు. గెడ చప్పుడు ఉందో లేదో తెలియలేదు.

తవిటమ్మ తిట్టింది. గొంగడి గురించి తిట్టింది. గంజి గురించి తిట్టింది. వాళ్ళ నాన్న గురించి తిట్టింది, ఆయనా ఇంతేనట. జవాబు లేదు. పలకని మనిషి ఊబిలో ఉన్నా పలకడు, ఒడ్డు పక్కన ఉన్నా పలకడు. ఉన్నాడో లేడో తెలిసేదెలా! గొంతు బొంగురుపోయింది. బొబ్బలు చిట్లి నోట్లో ఉప్పగా తగిలింది. ఇంకో తిట్టు కోసం వెతికింది. దొరకలేదు. జీవితమంతా కూడబెట్టిన తిట్లు అయిపోయాయి.

ఆవిడ రాయి మీద కూర్చుండిపోయింది. "ఏం చెప్పను," అంది మెల్లగా. "ఎవరితో చెప్పను."

మడుగు మీద చప్పుడు లేదు. ఒడ్డున చప్పుడు లేదు.

అప్పుడు మంచులోంచి ఒక గొంతు వచ్చింది. ఎవరికీ తెలియని గొంతు. తుప్పుపట్టిన తలుపు తీసినట్టున్న గొంతు.

"ఒలే, ఆపేశావేటి? దారి పోయింది. తిట్టు."

ఒడ్డున ఉన్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు. "ఎవరది? జమ్ముదెయ్యమా?" అన్నాడు గవరయ్య.

తవిటమ్మకి మాత్రం తెలుసు. లేచి నిలబడింది. కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడొచ్చిందా మాట! ఇందాకట్నించీ వింటూ కూర్చున్నావా? 'ఊ' అంటే నోరు అరిగిపోతుందా? రా! ఒడ్డుకి రా, నీ సంగతి చెప్తాను!"

గొంతు లేని గొంతుతో తిట్టింది. కొత్త తిట్లు లేకపోతే పాతవే తిట్టింది. దోనె మంచులోంచి మెల్లగా వచ్చింది. అందులో పైడయ్య ఉన్నాడు, ఒక చేతిలో గెడ ఉంది, కాళ్ళ దగ్గర మోచెయ్యంత కొర్రమీను ఉంది. అతను దిగి, చేపని పెళ్ళాం చేతిలో పెట్టి, ఏమీ అనకుండా ఇంటికి నడిచాడు. ఆవిడ చేపతో అతని నడ్డి మీద ఒక్కటి కొట్టింది. ఊరంతా చూసింది.

గవరయ్య దోనె బోర్లించలేదు. అలాగని తప్పయిందని కూడా అనలేదు, పెద్దమనిషి కదా. "మంచు లేని రోజు నోరు మూసుకోండి, మంచు ఉన్న రోజు తిట్టుకోండి," అని మాత్రం అన్నాడు.

తరవాత ఎన్నో చలికాలాలు వెళ్ళాయి. తవిటమ్మ ముసలిదైపోయింది. ముందు పేర్లన్నీ పోయాయి. తరవాత దారులు పోయాయి, నూతికి బయల్దేరి గాదె దగ్గర నిలబడేది. తరవాత మనుషులే పోయారు. మంచు మడుగు మీద నుంచి లేచి ఆవిడ తలలోకి వచ్చినట్టయింది. ఆవిడకి తెలిసేది. తెలిసి, తన మీద తనకే విసుగొచ్చి చేత్తో నుదురు కొట్టుకునేది.

చూడ్డానికి సన్యాసి వచ్చాడు. అతనికీ తల నెరిసింది.

"నేను అత్తా, సన్యాసిని."

"సన్యాసులకి బిచ్చం అరుగు మీద వేస్తారు నాయనా, వెళ్ళు."

పిల్లలు నవ్వారు. సన్యాసికి నవ్వు రాలేదు. కాసేపు నిలబడి, మంచం దగ్గర గొంతుక్కూర్చుని, "నీ తట్టలో కోడిని పొదగేసినవాణ్ణి అత్తా," అన్నాడు.

తవిటమ్మ కళ్ళు వెలిగాయి. "ఓరి నీ దుంప తెగ! నువ్వా! నా తట్ట ఏదిరా?"

ఆ సంగతి తెలిసి జోగులు వచ్చి పులుసు చెప్పుకున్నాడు. బూసయ్య వచ్చి కప్ప చెప్పుకున్నాడు. ఒక్కొక్కరినీ పట్టుకుని ఆవిడ తృప్తిగా తిట్టింది. తరవాత పైడయ్య వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"నువ్వెవరు?" అంది తవిటమ్మ.

పైడయ్య ఆవిడ వైపు చూశాడు.

"నిన్నే. ఎవరు నువ్వు?"

పైడయ్య చూస్తూ కూర్చున్నాడు.

"అడుగుతుంటే పలకవేటి?" అని విసుక్కుంది. విసుక్కుని, ఆగి, అతని మొహం వైపు ఇంకోసారి చూసింది. "ఓ," అంది. "నువ్వా."

పుష్యమాసంలోనే ఆవిడ పోయింది. బయట మంచు పట్టి ఉంది. ఆ పొద్దున్న మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. పైడయ్య చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఇంట్లోవాళ్ళందరూ విన్నారట, అతను వంగి, "ఒలే, ఆపేశావేటి? తిట్టు," అన్నాడట. మూడుసార్లు అన్నాడట. అన్ని మాటలు వరసగా అతను అంతకుముందు అనలేదు, ఆ తరవాతా అనలేదు.

ఇప్పటికీ కొంగల మడుగు మీద మంచు దిగితే ఆ పల్లె ఆడవాళ్ళు తవిటమ్మ రాయెక్కి తిడతారు. ఎవరి మొగుణ్ణి వాళ్ళు, అది అయిపోతే పక్కింటావిడ మొగుణ్ణి. కొత్త కోడలు సిగ్గుపడి ఆగితే వెనకనుంచి అత్తగారే, "ఆపేశావేటి? తిట్టు," అంటుంది. ఇంట్లో ముసలివాళ్ళకి మరుపు వస్తే, ఆ పల్లెలో ఎవరూ 'నన్ను గుర్తుపట్టావా' అని అడిగి ఏడిపించరు. మంచం దగ్గర కూర్చుని తాము చేసిన వెధవ పని ఒకటి చెప్పుకుంటారు. ఎక్కువసార్లు దారి దొరుకుతుంది.

సన్యాసి ఇంటివాళ్ళు ప్రతి పుష్యమాసంలోనూ ఈతాకుతో కొత్త తట్ట అల్లి రాయి మీద పెడతారు. పల్లెలో పెద్ద ముత్తైదువ వచ్చి దాన్ని ఎత్తి చూస్తుంది, తిప్పి చూస్తుంది, అడుగు తట్టి చూస్తుంది. చూసి పెదవి విరుస్తుంది.

"ఇది ఆ తట్ట కాదు," అంటుంది.

ఆ ఇంటివాళ్ళు తలలు వంచుకుని మళ్ళీ ఏడాది వస్తారు. కథ ఒడ్డెక్కింది, మీ దోనెలు కట్టేసుకోండి. నీళ్ళు తోడే చిప్ప మర్చిపోకండి, మళ్ళీ మళ్ళీ చెప్పలేను.